సోజర్నర్ ట్రూత్ ఏక్రన్ ప్రసంగం: పాఠభేదాలు, రాజకీయ వారసత్వం

1851 మే 28, 29 తేదీల్లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఏక్రన్ పట్టణంలో, ఒక చర్చి భవనంలో స్త్రీల హక్కుల సదస్సు జరిగింది. ఆ సదస్సులో మాట్లాడిన వారిలో సోజర్నర్ ట్రూత్ ఒకరు. అప్పటికి ఆమె వయస్సు సుమారు యాభై నాలుగు సంవత్సరాలు. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసగా పుట్టి, 1826లో యజమాని ఇల్లు విడిచి, 1843లో ఇసబెల్లా అనే పేరును వదలి కొత్త పేరును తానే ఎంచుకున్న స్త్రీ ఆమె. చదువను, వ్రాయను రాదు. ఆమె ఆనాడు చేసిన కొద్ది నిమిషాల ప్రసంగం నేడు స్త్రీవాద సిద్ధాంతానికీ, నల్లజాతి రాజకీయ చింతనకూ కూడా మూలగ్రంథంలా నిలిచింది. దానిలో నాలుగు పర్యాయాలు ఆవృత్తమయ్యే ప్రశ్న ఒకటి ఆమె పేరుకు పర్యాయపదమైంది. తాను స్త్రీని కాదా అని సభను నిలదీసే ఆ ప్రశ్న 1851 నాటి ఏ పత్రికా నివేదికలోనూ కనిపించదు. అది తొలిసారి అచ్చులోకి వచ్చింది పన్నెండేళ్ల తరువాత.

ఈ విషయం అమెరికన్ చరిత్రకారులకు కొత్తది కాదు. కార్ల్‌టన్ మేబీ 1993లోనూ, నెల్ ఇర్విన్ పెయింటర్ 1996లోనూ ప్రచురించిన జీవితచరిత్రలు దీనిని సవిస్తరంగా చర్చించాయి. అయితే చర్చ ఎక్కువగా ‘ఆమె ఆ మాట అన్నదా, అనలేదా’ అనే నిర్ధారణ దగ్గరే ఆగిపోయింది. పాఠ పరిష్కరణతో పరిచయం ఉన్నవారికి అది మొదటి మెట్టు మాత్రమే. ప్రక్షిప్తమని తేలిన భాగం ఏ అవసరం కోసం చేరింది, చేరినప్పుడు మూలంలోని దేనిని తొలగించింది, ఆ తొలగింపు వల్ల వక్త రాజకీయం ఏ రూపం దాల్చింది అన్నవి తరువాతి ప్రశ్నలు. ఈ వ్యాసం వాటిని పరిశీలిస్తుంది.

రెండు పాఠాలు

మొదటి పాఠం 1851 జూన్ 21న ఒహాయోలోని సేలం నుంచి వెలువడే ‘యాంటీ స్లేవరీ బ్యూగిల్’ పత్రికలో వచ్చింది. దానిని నమోదు చేసినవాడు ఆ పత్రిక సంపాదకుడు మారియస్ రాబిన్సన్. సదస్సుకు హాజరైనవాడు, ట్రూత్‌ను ఎరిగినవాడు. ప్రసంగ ప్రభావాన్ని కాగితం మీదికి ఎక్కించడం అసాధ్యమని ముందే ఒప్పుకొని, ఆమె మాటలను సాధారణమైన ఇంగ్లీషులో ఇచ్చాడు. రెండవ పాఠం 1863 ఏప్రిల్ 23న ‘న్యూయార్క్ ఇండిపెండెంట్’లో వచ్చింది. దాని రచయిత్రి ఏక్రన్ సదస్సుకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సెస్ డానా గేజ్.

గేజ్ పన్నెండేళ్ల తరువాత హఠాత్తుగా ఈ జ్ఞాపకాన్ని ఎందుకు వ్రాసింది? అదే నెల ‘అట్లాంటిక్ మంత్లీ’లో హ్యారియట్ బీచర్ స్టో, ట్రూత్‌ను లిబియా దేశపు ప్రవక్త్రిగా వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రకటించింది. ‘అంకుల్ టామ్స్ క్యాబిన్’ రచయిత్రిగా స్టోకు ఉన్న కీర్తి వల్ల అది విస్తృతంగా చదవబడింది. ఆ వ్యాసంలో స్టో ట్రూత్‌ను ఆఫ్రికాలో పుట్టినదానిగా చిత్రించడమే కాక, మరణించినట్లుగా కూడా వ్రాసింది. ట్రూత్ ఆ తరువాత ఇరవై ఏళ్లు జీవించి 1883 నవంబరు 26న మిచిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో మరణించింది. స్టో వ్యాసం తెరిచిన ద్వారంలోనే గేజ్ రచన ప్రవేశించిందని పెయింటర్ చేసిన అంచనా సమంజసంగా ఉంది. విముక్తి ప్రకటన వెలువడి అప్పటికి నాలుగు నెలలైనా కాలేదు. అంతర్యుద్ధం నడుస్తోంది. ఉత్తరాది పాఠకులకు బానిసత్వం అంటే దక్షిణాది పత్తిచేలు, కొరడా, బిడ్డలను కోల్పోయిన తల్లి. గేజ్ పాఠం ఆ పాఠకుల కోసం తయారైంది.

దాని ఫలితం భాషలోనే కనబడుతుంది. గేజ్ ట్రూత్ నోట దక్షిణాది తోటల్లోని బానిసల యాసగా నాటి రచయితలు ఊహించుకొన్న ఒక భాషను పెట్టింది. ట్రూత్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని అల్‌స్టర్ కౌంటీలో, డచ్చి మాట్లాడే యజమాని ఇంట్లో. ఆమె మొదటి భాష డచ్చి. సుమారు తొమ్మిదేళ్ల వయస్సులో వేలంలో గొర్రెలతోపాటు వంద డాలర్లకు అమ్ముడై ఇంగ్లీషు మాట్లాడే ఇంటికి చేరింది. ఆ ఇంటివారి ఆజ్ఞలు అర్థం కాక దెబ్బలు తిన్నది. ఇంగ్లీషు ఆమెకు శిక్షతోపాటు వచ్చిన భాష అన్నమాట. దక్షిణాదిలో ఆమె ఏనాడూ బానిసగా లేదు. తన మాటలను విపరీతమైన యాసలో అచ్చు వేసే విలేఖరుల పట్ల ఆమె వృద్ధాప్యంలో అయిష్టత చూపినట్లూ, తన ఇంగ్లీషు చక్కనిదేనని గర్వపడినట్లూ 1879 నాటి మిచిగన్ పత్రిక ఒకటి నమోదు చేసింది. గేజ్ పాఠంలోని యాస ఈ డచ్చి బాల్యాన్ని పూర్తిగా చెరిపివేసింది.

ప్రకటన, ప్రశ్న

రెండు పాఠాలను పక్కపక్కన ఉంచి చదివితే సామాన్య భాగం తక్కువ కాదు. పురుషునితో సమానంగా పని చేయగలననడం, బుద్ధిని కొలపాత్రలతో పోల్చే ఉపమ, ఈవ్ ప్రస్తావన, క్రీస్తు జన్మలో పురుషుని పాత్ర ఏమిటన్న వ్యంగ్యం రెండింటిలోనూ ఉన్నాయి. గేజ్ సర్వమూ కల్పించలేదు. జ్ఞాపకంలో మిగిలిన ఎముకలకు కొత్త మాంసం తొడిగింది. భేదం అసలు ప్రసంగపు వాక్యనిర్మాణంలో ఉంది.

రాబిన్సన్ పాఠంలో ట్రూత్ సభను ఏమీ అడుక్కోదు. స్త్రీల హక్కు తానేనని, అంటే ఆ హక్కుకు తన శరీరమే రూపమని, ఆరంభంలోనే ప్రకటిస్తుంది. తరువాత దున్నడం, కోయడం, పొట్టు ఒలవడం, కట్టెలు కొట్టడం వంటి పనుల పేర్లు వరుసగా వస్తాయి. తిండి విషయంలో కూడా మగవానికి తీసిపోనని, దొరికితేనే సుమా అని, ఒక చురక కలుపుతుంది. ఆ ‘దొరికితే’ అన్న షరతులో బానిస ఇంటి ఆకలి ధ్వనిస్తుంది. వాచ్యంగా ఫిర్యాదు ఎక్కడా లేదు. హక్కులు ఇచ్చేస్తే మీకే మనశ్శాంతి అని మగవారిని పరామర్శించే హాస్యం కూడా ఈ పాఠంలోదే. ఇక్కడ ఇబ్బందిలో ఉన్నది పురుషుడు. అతని మీదికి ఒక వైపు బానిస, మరో వైపు స్త్రీ వస్తున్నారు. వక్త నిబ్బరంగా ఉంది.

గేజ్ పాఠంలో ప్రకటన స్థానాన్ని ప్రశ్న ఆక్రమించింది. స్త్రీలను బండి ఎక్కించాలి, గుంటలు దాటించాలి అన్న పురుషవక్త మాటకు జవాబుగా, తనకు అలాంటి మర్యాద ఎవరూ చేయలేదని చెప్పి, ట్రూత్ ఆ ప్రశ్న అడుగుతుంది. చేతిని నగ్నంగా చూపిస్తుంది. కొరడా దెబ్బలు ఓర్చానంటుంది. ఆలంకారికంగా ఇది శక్తిమంతమైన నిర్మాణం, కాదనడానికి వీలులేదు. కాని ప్రశ్నకు శ్రోత కావాలి. ఒప్పుకోవలసినవాడు కావాలి. తన స్త్రీత్వాన్ని ధ్రువీకరించే అధికారం ఎదుటివారి చేతిలో ఉన్నదని ప్రశ్న వేసిన మరుక్షణమే అంగీకరించినట్లవుతుంది. రాబిన్సన్ పాఠంలోని వక్తకు ఆ ధ్రువీకరణ అక్కరలేదు. ఈ తేడాను ‘శైలీభేదం’గా కొట్టివేయడం పొరపాటు. ఇది రాజకీయ భంగిమలోని తేడా.

శతక సాహిత్యం చదివినవారికి ఇక్కడ మకుటం గుర్తుకు వస్తుంది. మకుటం పద్యాలను కలిపి ఉంచుతుంది, కవిముద్రగా పనిచేస్తుంది. అదే సమయంలో ప్రక్షిప్తాలకు తలుపు కూడా తెరుస్తుంది. వేమన పద్యాలను సేకరించి 1829లో అచ్చు వేసిన బ్రౌన్ నాటినుంచీ పరిష్కర్తలను వేధించిన చిక్కు ఇదే: మకుటం ఉన్న ప్రతి పద్యమూ వేమనదిగా చెలామణి కాగలదు. గేజ్ ఉపయోగించిన ఆవృత్తి ప్రశ్న సరిగా మకుటంలాగే పనిచేసింది. అది ఉన్నందువల్ల చుట్టూ చేరిన కల్పన అంతా ట్రూత్ వాక్కుగా ముద్ర వేయించుకొంది. ఆ మకుటం కూడా స్థిరంగా లేదు. గేజ్ వ్రాసిన క్రియారూపం 20వ శతాబ్దంలో మరింత జానపదంగా వినిపించే రూపానికి మారి, నేడు పోస్టర్ల మీద ఆ మారిన రూపమే కనిపిస్తుంది.

తల్లి, న్యాయస్థానం

గేజ్ చేర్చినవాటిలో అతి ముఖ్యమైనది మాతృత్వ ప్రస్తావన. పదమూడుమంది బిడ్డలను కని, వారిలో చాలామంది బానిసలుగా అమ్ముడుపోగా చూచి, ఆ శోకాన్ని క్రీస్తు తప్ప మరెవరూ వినలేదని ట్రూత్ అన్నట్లుగా ఆ పాఠం చెబుతుంది. రాబిన్సన్ పాఠంలో ఇందులో ఒక్క మాటా లేదు. ట్రూత్ బిడ్డలు ఐదుగురు. 1850లో వెలువడిన ఆమె జీవితకథనం ప్రకారం, పది పన్నెండుమంది బిడ్డలను కని దాదాపు అందరినీ అమ్మకాల్లో పోగొట్టుకొన్నది ఆమె తల్లి. రెండు తరాల శోకం గేజ్ చేతిలో ఒకటైంది.

సంఖ్యలోని పొరపాటు కన్న గంభీరమైనది మరొకటి ఉంది. ట్రూత్ కుమారుడు పీటర్‌ను న్యూయార్క్ చట్టానికి విరుద్ధంగా అలబామాకు అమ్మివేశారు. ఆ రాష్ట్రంలో బానిసత్వం 1827 జూలై 4తో ముగియవలసి ఉంది. అప్పటిలోగా బానిసలను రాష్ట్రం వెలుపలికి అమ్మడం నేరం. ఈ సంగతి తెలిసిన ట్రూత్, అప్పటికి ఇసబెల్లా, కింగ్‌స్టన్‌లోని న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. న్యాయవాదులను వెదికింది, డబ్బు అడిగి తెచ్చుకొంది, గుమ్మం గుమ్మం తిరిగింది. 1828లో కొడుకును తిరిగి పొందింది. తెల్లవానిపై దావా వేసి నెగ్గిన తొలి నల్లజాతి స్త్రీలలో ఒకతెగా ఆమెకు చరిత్రలో స్థానం దక్కింది. అంటే ఆ తల్లి మొర విన్నది క్రీస్తు ఒక్కడే కాదు. ఒక న్యాయస్థానం కూడా విన్నది, వినేటట్లు ఆమె చేసింది. గేజ్ పాఠం ఈ దావాను పూర్తిగా మరుగుపరచి, దాని స్థానంలో ఆకాశం వైపు చూసే శోకమూర్తిని నిలిపింది. ట్రూత్ రాజకీయ వారసత్వంలో జరిగిన అతి పెద్ద నష్టం ఇదేనని చెప్పవచ్చు.

ఇదే నేపథ్యంలో ఆమె ఛాయాచిత్రాలను కూడా పాఠాలుగా చదవవలసి ఉంది. గేజ్ రచన వెలువడిన కాలంలోనే ట్రూత్ చిన్న కార్డు ఫొటోలు తీయించుకొని అమ్మడం ప్రారంభించింది. 1864లో వాటిపై హక్కులను తన పేరనే నమోదు చేయించింది. ఛాయను అమ్మి సారాన్ని పోషించుకొంటున్నానన్న అర్థం వచ్చే మాట వాటి మీద అచ్చయింది. ఆ చిత్రాల్లో ఆమె తెల్ల శాలువ కప్పుకొని, కళ్లద్దాలు పెట్టుకొని, అల్లిక చేతబట్టి కూర్చొని ఉంటుంది. నగ్నమైన చేయి లేదు, కొరడా మచ్చ లేదు. తనను గురించి ఇతరులు వ్రాసే వాక్యాలపై అదుపు లేని స్త్రీ, తన రూపంపై అదుపును చట్టబద్ధంగా సంపాదించుకొంది. జీవితకథన గ్రంథం విషయంలోనూ అంతే. ఆలివ్ గిల్బర్ట్ దానిని ప్రథమ పురుషలో, మధ్యమధ్య తన అభిప్రాయాలు కలుపుతూ వ్రాసింది. కాని దానిని సొంత ప్రచురణగా వేయించి, సభల్లో అమ్మి, నార్తాంప్టన్‌లోని తన ఇంటిపై ఉన్న 300 డాలర్ల అప్పు 1854లో తీర్చుకొన్నది ట్రూత్. కర్తృత్వం ఒకరిది, యాజమాన్యం మరొకరిది. ఒకప్పుడు తానే ఇతరుల ఆస్తిగా ఉన్న మనిషికి ఆ రెండవదాని విలువ ఎంతటిదో వేరే చెప్పనవసరం లేదు.

వేతనం, నేల

ఏక్రన్ ప్రసంగం మీదనే దృష్టి నిలవడం వల్ల ట్రూత్ తరువాతి రాజకీయం నీడలో పడింది. 1865లో వాషింగ్టన్ నగరంలో ట్రాము బండి నుంచి తనను బలవంతంగా నెట్టబోయి గాయపరచిన కండక్టరును ఆమె అరెస్టు చేయించింది; అతడు ఉద్యోగం పోగొట్టుకొన్నాడు. 1867 మే నెలలో న్యూయార్క్‌లో జరిగిన అమెరికన్ సమానహక్కుల సంఘం సభలో చేసిన ప్రసంగం మరింత ముఖ్యమైనది. నల్లజాతి పురుషులకు మాత్రమే ఓటుహక్కు వచ్చి స్త్రీలకు రాకపోతే, ఆ పురుషులు తమ స్త్రీలకు యజమానులవుతారని ఆమె హెచ్చరించింది. వెనువెంటనే వేతనాల సంగతి ఎత్తింది. మగవారితో సమానంగా పొలంలో పని చేశాను, వారికి ఇచ్చినంత నాకు ఇవ్వలేదని లెక్క చెప్పింది. రాబిన్సన్ పాఠంలోని పనుల జాబితాకు ఇది సహజమైన కొనసాగింపు. రెండింటి మధ్య గేజ్ పాఠాన్ని ఉంచితే తెగిపోయే దారం, దానిని పక్కన పెడితే స్పష్టంగా కనిపిస్తుంది. శ్రమనుంచి హక్కుకు, హక్కునుంచి కూలికి, కూలినుంచి నేలకు ఆమె ఆలోచన సాగింది. 1870 ప్రాంతం నుంచి విముక్తులైన నల్లజాతివారికి పశ్చిమ ప్రాంతాల్లో భూమి ఇవ్వాలని కాంగ్రెసుకు విజ్ఞాపన తయారు చేసి, ఊరూరా తిరిగి సంతకాలు సేకరించింది. కాంగ్రెసు పట్టించుకోలేదు.

ఈ విజ్ఞాపనను విమర్శ లేకుండా స్వీకరించడం కుదరదు. ఆమె కోరిన పశ్చిమ భూములు అంతకుముందు ఆదివాసీ జాతులవి. ఆ సంగతి ఆమె రాజకీయ దృష్టిలోకి రాలేదు. అయినా బానిసత్వం వల్ల పేరుకొన్న సంపదలో శ్రమించినవారికి వాటా ఉన్నదన్న వాదం ఆనాటి స్త్రీహక్కుల వేదికల మీద అరుదుగా వినవచ్చేది. 1869లో ఆ ఉద్యమం నల్లజాతి పురుషుల ఓటుహక్కు విషయమై రెండుగా చీలింది. ఎలిజబెత్ కేడీ స్టాంటన్ వర్గం వాదనలో వర్ణదురహంకారం బాహాటంగా వినిపించింది. స్టాంటన్, సుసాన్ ఆంథొనీ, మటిల్డా గేజ్ సంపాదకత్వంలో 1881లో వెలువడిన స్త్రీ ఓటుహక్కు చరిత్ర మొదటి సంపుటం ఏక్రన్ ప్రసంగానికి ఎంచుకొన్నది ఫ్రాన్సెస్ గేజ్ పాఠాన్నే.

ప్రక్షిప్తానికి పుట్టిన సంతానం

ఇక్కడ రెండు అభ్యంతరాలు తప్పవు. మొదటిది: 1875లో ఫ్రాన్సెస్ టైటస్ విస్తరించి ప్రచురించిన జీవితకథనంలో గేజ్ పాఠం చేరింది. ట్రూత్ అప్పటికి జీవించి ఉంది, ఆ పుస్తకమే ఆమెకు ఆధారం. మౌనాన్ని సమ్మతిగా తీసుకొంటే ఆ పాఠానికి వక్త ఆమోదం ఉన్నట్లే. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. కాని అమ్మకానికి పనికివచ్చే ఛాయను అమ్మనివ్వడం ఆమెకు అలవాటైన వ్యూహమేనని ఛాయాచిత్రాలు చెబుతున్నాయి. ఆమోదించడం వేరు, రచించడం వేరు.

రెండవది మరింత బలమైనది. బెల్ హుక్స్ 1981లో తన గ్రంథానికి ‘ఎయింట్ ఐ ఎ వుమన్’ అని పేరు పెట్టారు. కింబర్లీ క్రెన్‌షా 1989లో ఇంటర్‌సెక్షనాలిటీ భావనను ప్రతిపాదించిన వ్యాసంలో ట్రూత్‌ను ఉదాహరించారు. స్త్రీ అనే వర్గం నిశ్శబ్దంగా తెల్లస్త్రీని మాత్రమే సూచిస్తుందన్న విమర్శకు ఆ ప్రశ్న కంటే పదునైన ఆయుధం దొరకలేదు. ఆ ఆయుధాన్ని తయారు చేసింది ఒక తెల్లజాతి సంస్కర్త అయినా, దానిని ఉపయోగించి తమ చరిత్రను చెప్పుకొన్నది నల్లజాతి స్త్రీలే. చారిత్రక ట్రూత్ కంటే ప్రతీకగా ట్రూత్ అవసరమే అమెరికన్ సమాజానికి ఎక్కువగా ఉన్నదని పెయింటర్ తన గ్రంథాంతంలో చేరిన నిర్ణయం ఈ అనుభవం నుంచి వచ్చింది. ఆ నిర్ణయంలో కొంత అలసట వినిపిస్తుంది. ప్రతీక పనిచేసిందన్నది నిజం. అయితే ఏ పని చేసిందో కూడా చూడాలి. గుర్తింపు కోరే రాజకీయానికి అది ఆసరా ఇచ్చింది. కూలి, నేల, దావా అనే మూడింటినీ కోరిన రాజకీయానికి ఇవ్వలేదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 2020లో ఆవిష్కరించిన స్త్రీహక్కుల స్మారకం మొదటి నమూనాలో ఉన్నది స్టాంటన్, ఆంథొనీ మాత్రమే. విమర్శలు వచ్చాక ట్రూత్‌ను చేర్చారు. ఇప్పుడు ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ ఉన్నారు. 1867 సభలో ఆమె లెక్క చెప్పిన తక్కువ కూలి ఆ కంచులో ఎక్కడా లేదు.

రాబిన్సన్ పాఠం మాత్రం నిర్దుష్టమని అనడానికి లేదు. అతడూ తెల్లజాతి సంపాదకుడే. ఆమె డచ్చి ఉచ్చారణ, వాక్యపు విరుపులు అతని శుభ్రమైన ఇంగ్లీషులో కరిగిపోయాయి. మౌఖిక వాక్కుకు లిఖిత రూపంలో మూలప్రతి ఉండదు. ఉన్నవి సాక్ష్యాలు మాత్రమే. వాటిలో మూడు వారాల పైచిలుకు నాటి సాక్ష్యానికీ, పన్నెండేళ్ల నాటి సాక్ష్యానికీ ఒకే విలువ ఇవ్వరాదు.

తెలుగు చేసేటప్పుడు

ఈ ప్రసంగాన్ని తెలుగులోకి తేదలచినవారికి ఈ పాఠచర్చ కేవలం పాండిత్య విషయం కాదు. గేజ్ పాఠాన్ని ఎంచుకొంటే యాసను ఏమి చేయాలన్న సమస్య మొదటనే ఎదురవుతుంది. దానిని తెలంగాణ పల్లె మాటలోకో, కోస్తా కూలిజనం మాటలోకో దించడం సహజంగా తోస్తుంది. అలా చేస్తే, న్యూయార్క్‌లో పుట్టిన డచ్చి భాషీయకు ఒకసారి తొడిగిన పరాయి యాస మీద మరొక పరాయి యాస తొడిగినట్లవుతుంది. ప్రశ్నలోని నామవాచకం మరో చిక్కు. ‘స్త్రీ’ అంటే సంస్కృత గౌరవం వచ్చి చేరుతుంది. బండి ఎక్కించి గుంటలు దాటించవలసినది ఆ ‘స్త్రీ’నే. ‘ఆడది’ అంటే తిరస్కారం ముందే పదంలో ఉంది. ‘ఆడమనిషి’లో మనిషి కూడా ఉన్నది గనుక అది దగ్గరగా రావచ్చు, కాని అప్పుడు ప్రశ్న లింగాన్ని దాటి మానుషత్వాన్ని అడుగుతుంది. గేజ్ ఉద్దేశం అది కాదు.

రాబిన్సన్ పాఠానికి ఈ ఇబ్బందులు తక్కువ. అందులోని కోయడం, ఒలవడం, మోయడం, తినడం తెలుగు పొలాల్లో రోజువారీ క్రియలు. అవి అనువాదంలో యాస లేకుండానే బలంగా నిలుస్తాయి. కొలపాత్రల ఉపమకు సోల, మానిక వంటి కొలతలు మనకు సిద్ధంగా ఉన్నాయి. పాఠ్యపుస్తకాలకూ, సంకలనాలకూ 1851 నాటి ఈ పాఠాన్ని పూర్తిగా ఇచ్చి, 1863 నాటి పాఠాన్ని గేజ్ పేరుతో, తేదీతో, అనుబంధంగా ఇవ్వడం సరైన పద్ధతి.